వీఎంసీపై మొదటి క్యామ్ జాబ్: డ్రాయింగ్ నుంచి ఫస్ట్ పీస్ ఓకే అయ్యేదాకా

వీఎంసీ (నిలువు స్పిండిల్ ఉన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్) మీద జాబ్, అంటే కోస్తున్న ముక్క, పాడైతే అందరూ ముందు ప్రోగ్రాంనే అనుమానిస్తారు. క్యామ్ సాఫ్ట్‌వేర్ (మోడల్ నుంచి మెషీన్ ప్రోగ్రాం తయారుచేసేది) ఇచ్చిన ప్రోగ్రాంలో తప్పులు ఉండొచ్చు గానీ, అవి చాలావరకు సిమ్యులేషన్‌లోనే బయటపడతాయి. స్క్రీన్‌కు కనిపించనివి వేరే ఉన్నాయి: వైస్ వంకర, పారలల్ (జాబ్ కింద పెట్టే సమాన ఎత్తు స్టీల్ పట్టీ) కింద ఇరుక్కున్న చిప్, తప్పుగా ఎక్కించిన ఆఫ్‌సెట్ (జీరో స్థానం, టూల్ పొడవులకు మెషీన్‌లో వేసే విలువ), తీసేయడం మరిచిపోయిన 50 మి.మీ. సెట్టర్ ఎత్తు. అందుకే ఇక్కడ సాఫ్ట్‌వేర్ గురించి తక్కువ, సెట్టింగ్ గురించి ఎక్కువ ఉంటుంది. ఐటీఐ మెషినిస్ట్, టర్నర్ ట్రేడ్‌ల వాళ్లకూ, టూల్ అండ్ డై డిప్లొమా చేస్తున్నవాళ్లకూ, కన్వెన్షనల్ మిల్లింగ్ నుంచి సీఎన్‌సీకి మారుతున్న ఆపరేటర్లకూ ఇది పనికొస్తుంది.

మెషీన్‌ను నడిపే కంట్రోల్ ఫానుక్ కంపెనీది అనుకుందాం. కోడ్‌లను తెలుగు అక్షరాల్లో రాశాం. మెషీన్ కీబోర్డ్ మీద వాటికి సరిపడే ఇంగ్లిష్ అక్షరాలు నొక్కాలి.

జాబ్ ఏమిటి

6061-టీ6 అల్యూమినియం ప్లేట్. ఫినిష్ సైజు 100 × 80 × 25 మి.మీ. మధ్యలో 60 × 40 పాకెట్, లోతు 10, మూలల్లో రేడియస్ 6. నాలుగు మూలల దగ్గర, రెండు అంచుల నుంచీ 10 మి.మీ. దూరంలో ఎం6 బ్లైండ్ (ఆరపార వెళ్లని) హోల్స్, పూర్తి త్రెడ్ 12 మి.మీ. పాకెట్‌కు ఎడమా కుడీ రెండు 8హెచ్7 డోవెల్ హోల్స్, ఆరపార. వెడల్పులో ఇవి సరిగ్గా మధ్యలో, పక్క అంచులకు 10 మి.మీ. లోపల ఉంటాయి.

రా మెటీరియల్‌ను ముందే కన్వెన్షనల్ మిల్లింగ్ మీద 100 × 80కి స్క్వేర్ చేసి, మందం సుమారు 26 ఉంచండి. నాలుగు పక్కలూ కింది ముఖమూ ఒకదానికొకటి 0.02 లోపు స్క్వేర్‌గా ఉండాలి. రంపంతో కోసిన ముక్కను నేరుగా వీఎంసీలో పెట్టి జీరో (కొలతలన్నీ మొదలయ్యే బిందువు) పడితే, ఆ జీరో ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు.

డ్రాయింగ్ చదివి టూల్స్ ఎంచుకోండి

మొదట చూడాల్సింది పాకెట్ మూల రేడియస్. అది 6 కాబట్టి 12 మి.మీ. కట్టర్ సరిగ్గా పడుతుంది కదా అనిపిస్తుంది. వద్దు. కట్టర్ రేడియస్, మూల రేడియస్ సమానమైతే మూలలోకి వెళ్లగానే కట్టర్ మెటీరియల్‌ను చాలా వెడల్పున ఒకేసారి పట్టుకుంటుంది. దాంతో కీచుమని చాటర్ (కట్టర్ వణుకు) వస్తుంది, మూలలో మచ్చ మిగులుతుంది. 10 మి.మీ. తీసుకుంటే మూలలో కట్టర్ తిరగడానికి దారి ఉంటుంది.

ఈ జాబ్‌కు ఏడు టూల్స్ సరిపోతాయి:

టీ1: 50 మి.మీ. ఫేస్ మిల్, 4 ఇన్సర్ట్‌లు. 1,900 ఆర్‌పీఎం, ఫీడ్ 760 మి.మీ./నిమిషం.
టీ2: 10 మి.మీ. కార్బైడ్ ఎండ్ మిల్, 3 ఫ్లూట్లు. 6,000 ఆర్‌పీఎం, ఫీడ్ 900.
టీ3: 10 మి.మీ., 90 డిగ్రీల స్పాట్ డ్రిల్. 2,000 ఆర్‌పీఎం, ఫీడ్ 200.
టీ4: 5.0 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్. 3,800 ఆర్‌పీఎం, ఫీడ్ 380.
టీ5: 7.8 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్. 2,400 ఆర్‌పీఎం, ఫీడ్ 360.
టీ6: 8హెచ్7 మెషీన్ రీమర్. 500 ఆర్‌పీఎం, ఫీడ్ 100.
టీ7: ఎం6 × 1 స్పైరల్ ఫ్లూట్ ట్యాప్. 500 ఆర్‌పీఎం, ఫీడ్ 500.

ఈ అంకెలను బట్టీ పట్టకండి, లెక్క నేర్చుకోండి. ఆర్‌పీఎం కావాలంటే కటింగ్ స్పీడ్‌ను 1,000తో గుణించి, 3.14 × టూల్ డయాతో భాగించాలి. అల్యూమినియానికి కార్బైడ్‌తో నిమిషానికి 250 మీటర్లు తేలిగ్గా వెళ్లొచ్చు. 10 మి.మీ. కట్టర్‌కు అది దాదాపు 8,000 ఆర్‌పీఎం అవుతుంది. ట్రైనింగ్ మెషీన్ స్పిండిల్ 6,000 దగ్గరే ఆగితే 6,000తోనే నడపండి. కటింగ్ స్పీడ్ 188 మీటర్లకు తగ్గుతుంది, నష్టమేమీ లేదు. ఫీడ్ అంటే ఆర్‌పీఎం × ఫ్లూట్ల సంఖ్య × ఒక్కో పన్నుకు ఫీడ్: 6,000 × 3 × 0.05 = 900. ఆర్‌పీఎం తగ్గించి ఫీడ్ అలాగే వదిలేస్తే పన్నుకు పడే లోడ్ పెరుగుతుంది. కొత్తవాళ్లు ఓవర్‌రైడ్ నాబ్‌లతో తెలియకుండా చేసే పని ఇదే.

అల్యూమినియానికి స్టీల్ కోసే 4 ఫ్లూట్ల కట్టర్ వాడకండి. ఫ్లూట్ల మధ్య జాగా తక్కువై చిప్స్ ఇరుక్కుంటాయి. టైటానియం అల్యూమినియం నైట్రైడ్ కోటింగ్ ఉన్నదీ వద్దు, ఆ కోటింగ్‌కు అల్యూమినియం అతుక్కుంటుంది. పాలిష్ చేసిన అన్‌కోటెడ్ కట్టర్ చాలు.

ట్యాప్ విషయంలోనూ ఒక తేడా ఉంది. స్పైరల్ ఫ్లూట్ చిప్‌ను పైకి లాగుతుంది కాబట్టి బ్లైండ్ హోల్‌కు అదే సరైనది. స్పైరల్ పాయింట్, అంటే షాపుల్లో గన్ ట్యాప్ అనేది, చిప్‌ను ముందుకు తోస్తుంది. దాన్ని బ్లైండ్ హోల్‌లో వాడితే చిప్స్ అడుగున కూరుకుపోయి ట్యాప్ విరుగుతుంది.

క్యామ్‌లో చేయాల్సింది

ఫ్యూజన్, మాస్టర్‌క్యామ్, ఎన్‌ఎక్స్, సాలిడ్‌క్యామ్ దేనిలోనైనా క్రమం ఇదే. మోడల్ తెరిచి స్టాక్ ఇవ్వండి: 100 × 80, మందం 26, పైన 1 మి.మీ. అదనం. ఆరిజిన్‌ను ఫినిష్ అయిన పై ముఖం మీద, ఎడమ మూలలో, ఫిక్స్‌డ్ జా వైపు పెట్టండి. వైస్‌లో ఫిక్స్‌డ్ జా వెనుక, అంటే కాలమ్ వైపు ఉంటే వై విలువలన్నీ మైనస్‌లో వస్తాయి. పాకెట్ మధ్య బిందువు ఎక్స్50, వై−40 అవుతుంది. మైనస్ నచ్చక ఆరిజిన్‌ను మూవింగ్ జా వైపు మార్చేవాళ్లున్నారు. జా కదిలే వైపు జీరో పెడితే, జాబ్ వెడల్పు 0.05 మారినప్పుడల్లా హోల్స్ అన్నీ 0.05 జరుగుతాయి.

ఫేసింగ్ పూర్తయ్యాక పాకెట్ రఫింగ్ పెట్టండి. అడాప్టివ్ టూల్‌పాత్ (కట్టర్‌పై లోడ్ సమానంగా ఉంచే దారి), పక్క కోత 3 మి.మీ., లోతు రెండు పాస్‌లలో 4.9 చొప్పున. గోడకు 0.3, అడుగుకు 0.2 వదలండి. లోపలికి దిగడం హెలికల్ ర్యాంప్‌తో, 2 డిగ్రీల కోణంలో ఉండాలి. నిలువుగా దించితే, మధ్యకు పళ్లు లేని ఎండ్ మిల్ అడుగును కోయలేక నొక్కుతుంది, టూల్ అక్కడే విరుగుతుంది. ఫినిష్ పాస్‌ను క్లైంబ్ మిల్లింగ్‌లో (పన్ను కోసే దిశ, జాబ్ కదిలే దిశ ఒకటే) పెట్టి, కాంపెన్సేషన్ రకాన్ని 'వేర్' అని ఎంచుకోండి. దీని అవసరం సైజు పట్టేటప్పుడు తెలుస్తుంది.

హోల్స్ లోతులు మాత్రం సాఫ్ట్‌వేర్ మీద వదలకుండా మీరే లెక్కించండి. 90 డిగ్రీల స్పాట్ డ్రిల్ ఎంత లోతు దిగితే దానికి రెట్టింపు డయా పడుతుంది. ఎం6 హోల్‌పై 6.5 చాంఫర్ కావాలంటే 3.25 లోతు, డోవెల్‌పై 8.4 కావాలంటే 4.2. డ్రిల్ కొన పొడవు 118 డిగ్రీల డ్రిల్‌కు డయాలో 0.3 వంతు. ఎం6కు పూర్తి డయా 18 మి.మీ. దిగాలి, దానికి కొన 1.5 కలిపితే జెడ్−19.5. ట్యాప్ కొనలో రెండు మూడు త్రెడ్‌లు సన్నగా ఉంటాయి కాబట్టి పూర్తి త్రెడ్ 12 రావాలంటే ట్యాప్ జెడ్−15 దాకా వెళ్లాలి. కింద ఇంకా 3 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ లేని చోటే ట్యాప్‌లు విరుగుతాయి. 7.8 డ్రిల్ ఆరపార కాబట్టి 25 + 2.34, పైన ఒక మి.మీ. కలిపి జెడ్−28.5 ఇవ్వండి.

పోస్ట్ చేసే ముందు, అంటే టూల్‌పాత్‌ను మెషీన్ కోడ్‌గా మార్చే ముందు, సిమ్యులేషన్ నడిపి చూడండి. వైస్ జాలను కూడా మోడల్‌లో పెడితేనే దానికి విలువ. గాలిలో తేలుతున్న బ్లాక్‌ను కోసే సిమ్యులేషన్ వైస్ తగులుతుందో లేదో చెప్పలేదు. ఇంట్లో ఫ్యూజన్ పర్సనల్ లైసెన్స్‌పై సాధన చేసేవాళ్లు ఒకటి గమనించాలి: అందులో ర్యాపిడ్ కదలికలు కటింగ్ ఫీడ్‌గా మారిపోతాయి, ఆటోమేటిక్ టూల్ చేంజ్ రాదు. అందువల్ల ఒక్కో టూల్‌కు విడిగా పోస్ట్ చేసుకోవాలి.

వచ్చిన ప్రోగ్రాం మొదటి లైన్లను మెషీన్‌కు పంపే ముందే చదవండి. ప్రతి టూల్ దగ్గరా ఇలాంటి వరుస కనిపించాలి:

జీ21 జీ17 జీ40 జీ49 జీ80 జీ90
జీ91 జీ28 జెడ్0.
టీ2 ఎం6
జీ90 జీ54 జీ0 ఎక్స్50. వై-40. ఎస్6000 ఎం3
జీ43 హెచ్2 జెడ్50. ఎం8

ఇక్కడ వెతకాల్సినవి రెండే. టీ (టూల్) నంబరు, హెచ్ (టూల్ పొడవు ఆఫ్‌సెట్) నంబరు ఒకటేనా? జీ91 (ఉన్న చోటు నుంచి లెక్క) తర్వాత జీ90 (జీరో నుంచి లెక్క) తిరిగి వచ్చిందా? చేత్తో ప్రోగ్రాం దిద్దేటప్పుడు టీ3ని టీ2గా మార్చి హెచ్3ని అలాగే వదిలేస్తే, మెషీన్ టీ3 పొడవునే నమ్మి టీ2ను కిందకు దించుతుంది.

వైస్, జాబ్ బిగించడం

టేబుల్, వైస్ అడుగు రెండూ ఆయిల్ స్టోన్‌తో తేలిగ్గా రుద్ది తుడవండి. వైస్ పెట్టి బోల్టులను సగం బిగించి, స్పిండిల్‌కు లీవర్ డయల్ తగిలించి ఫిక్స్‌డ్ జా మీద ఎక్స్ దిశలో 150 మి.మీ. నడపండి. తేడా 0.01 దాటకూడదు. బోల్టులు పూర్తిగా బిగించాక మళ్లీ నడపండి. బిగించేటప్పుడు వైస్ తిరగడం మామూలే, రెండోసారి చూడకపోవడమే తప్పు.

జా ఎత్తు 50 ఉన్న వైస్‌కు 35 మి.మీ. పారలల్స్ వేయండి. అప్పుడు జాబ్ 15 మి.మీ. జాలలో ఉంటుంది, దాదాపు 11 పైకి ఉంటుంది. పారలల్స్ రెండూ జాలకు ఆనుకుని ఉండాలి. డోవెల్ హోల్స్ వెడల్పు మధ్యలో ఉన్నాయి కాబట్టి 7.8 డ్రిల్ కిందకు వచ్చినా ఖాళీలోకే వెళ్తుంది. పారలల్ జరిగి మధ్యకు వచ్చి ఉంటే డ్రిల్ దానికి గుద్దుకుంటుంది. డ్రిల్ పోవడమే కాదు, గట్టిపడిన పారలల్ కూడా పోతుంది.

జాబ్ పెట్టి, ఎడమవైపు స్టాపర్‌కు ఆనించి, వైస్ బిగించి, నైలాన్ సుత్తితో పైన తట్టండి. తర్వాత రెండు పారలల్స్‌నూ వేలితో కదిపి చూడండి. ఒక్కటి కదిలినా జాబ్ కూర్చోలేదనే అర్థం. విప్పి, గాలితో కాకుండా బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ పెట్టండి. గాలి కొడితే చిప్స్ జాబ్ కిందకూ స్పిండిల్ టేపర్‌లోకీ వెళ్తాయి, కళ్లలోకి కూడా.

ఈ లోపు రా మందాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకోండి. 26.12 వచ్చిందనుకుందాం.

టూల్స్‌ను హోల్డర్లలో పెట్టడం

ఈఆర్ కొలెట్‌ను (టూల్‌ను పట్టే చీలికల స్లీవ్) ముందు నట్‌లో ఏటవాలుగా పెట్టి 'టక్' మనేలా కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే హోల్డర్‌కు తగిలించాలి. కొలెట్‌ను నేరుగా హోల్డర్‌లో వేసి పైన నట్ తిప్పితే అది మధ్యకు రాదు, రనౌట్ (తిరిగేటప్పుడు మధ్య తప్పి ఊగడం) వస్తుంది, విప్పేటప్పుడు బయటకూ రాదు. 10 మి.మీ. ఎండ్ మిల్ 25 నుంచి 28 మి.మీ. మాత్రమే బయటకు ఉంచండి. బయటకు ఉన్న పొడవు రెట్టింపైతే, అదే బలానికి టూల్ ఎనిమిది రెట్లు వంగుతుంది. పాకెట్ లోతు పదే కాబట్టి 50 మి.మీ. బయటకు పెట్టడానికి కారణమే లేదు.

హోల్డర్ టేపర్‌ను గుడ్డతో తుడవండి, పుల్ స్టడ్ (హోల్డర్‌ను స్పిండిల్‌లోకి లాగి పట్టే ముక్క) బిగుతుగా ఉందో లేదో చూడండి. రీమర్ కొన దగ్గర డయల్ పెట్టి స్పిండిల్‌ను చేత్తో తిప్పండి. 0.01 కంటే ఎక్కువ తిరిగితే 8హెచ్7 రాదు, హోల్ పెద్దదవుతుంది.

ఎక్స్, వై జీరో

10 మి.మీ. మెకానికల్ ఎడ్జ్ ఫైండర్‌ను 500 ఆర్‌పీఎంలో తిప్పుతూ, జాబ్ ఎడమ ముఖానికి హ్యాండ్‌వీల్‌తో నెమ్మదిగా తెండి. కొన నిటారుగా నిలబడి, ఇంకాస్త ముందుకు వెళ్లగానే పక్కకు జారుతుంది. ఆ జారిన క్షణమే మీకు కావాల్సిన స్థానం. చివరి కదలిక 0.01 స్టెప్‌లో ఉండాలి.

ఇప్పుడు స్పిండిల్ సెంటర్ జాబ్ అంచుకు 5 మి.మీ. ఎడమన ఉంది. ఆఫ్‌సెట్ పేజీలో వర్క్ స్క్రీన్ తెరిచి, జీ54 (జాబ్ జీరో విలువలు ఉండే వరుస) ఎక్స్ మీద కర్సర్ పెట్టి ఎక్స్-5. అని టైప్ చేసి 'మెజర్' నొక్కండి. వెనుక ముఖానికీ ఇలాగే. జా పైన కనిపించే 11 మి.మీ. భాగంలో వెనుక నుంచి తాకండి. అప్పుడు సెంటర్ వై ప్లస్ వైపు ఉంటుంది కాబట్టి వై5. అని కొట్టి మెజర్ నొక్కాలి.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. ప్లస్, మైనస్ తారుమారైతే జీరో సరిగ్గా 10 మి.మీ. జరుగుతుంది. జాబ్ మీద అన్నీ 10 మి.మీ. పక్కకు పడ్డాయంటే కారణం ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. రెండోది పాయింట్. చాలా ఫానుక్ మెషీన్లలో 5 తర్వాత చుక్క పెట్టకపోతే దాన్ని 5 మైక్రాన్లుగా, అంటే 0.005గా తీసుకుంటాయి. ప్రోగ్రాంలోనూ అంతే.

జీరో పట్టాక ఎండీఐలో (కోడ్ నేరుగా టైప్ చేసి నడిపే మోడ్) జీ90 జీ54 జీ0 ఎక్స్0. వై0. ఇచ్చి, స్పిండిల్ పైనే ఉంచి, సెంటర్ మూల మీదకు వచ్చిందో లేదో కంటితో చూడండి. పది సెకన్ల పని.

టూల్ పొడవులు, జెడ్ జీరో

అందరూ తడబడేది ఇక్కడే. చాలా షాపుల్లో ప్రతి టూల్‌ను జాబ్ పై ముఖానికి తాకిస్తారు. ఫేసింగ్ అయిపోయాక ఆ ముఖం ఉండదు. అప్పుడు ట్యాప్ విరిగి కొత్తది పెడితే, దాన్ని దేనికి తాకించాలన్న ప్రశ్న వస్తుంది. అందుకే కదలని, అరగని చోటు ఎంచుకోండి: ఫిక్స్‌డ్ జా పైభాగం.

జా మీద 50 మి.మీ. ఎత్తున్న జెడ్ సెట్టర్ (టూల్ కొన తాకించి ఎత్తు పట్టే గేజ్) పెట్టి, స్పిండిల్ ఆపి, టూల్‌ను సెట్టర్ జీరో చూపేదాకా దించండి. మెషీన్ కోఆర్డినేట్ చూడండి. టీ2కు −262.450 అనుకుందాం. దానిలోంచి 50 తీసేస్తే −312.450. ఇదే హెచ్2లో పడాల్సిన విలువ. రిలేటివ్, అబ్సల్యూట్, మెషీన్ అని స్క్రీన్ మీద మూడు రకాల అంకెలు ఉంటాయి. మెషీన్ అని ఉన్నదాన్నే తీసుకోండి. మిగతా ఆరు టూల్స్‌కూ ఇదే పద్ధతి. ఫేస్ మిల్‌కు మాత్రం మధ్యభాగం కాదు, ఒక ఇన్సర్ట్ కొన సెట్టర్ మీదకు రావాలి.

సెట్టర్ జా మీద నిలకడగా కూర్చోకపోతే 10 మి.మీ. డోవెల్ పిన్ వాడండి. టూల్‌ను 10 కంటే కిందకు దించి, పిన్ దూరకుండా చేసి, 0.01 చొప్పున పైకి ఎత్తుతూ పిన్ మొదటిసారి దూరిన చోట ఆగండి. అప్పుడు 50 బదులు 10 తీసేయాలి. పిన్ టూల్ కింద ఉండగా కిందకు దించకండి, కార్బైడ్ అంచు పెళుసు.

50 తీసేయడం మరిచిపోతే టూల్ 50 మి.మీ. పైన గాలిలో తిరుగుతుంది, నవ్వుకుని సరిచేసుకోవచ్చు. పిన్‌తో కొలిచి అలవాటుగా 50 తీసేస్తే మాత్రం టూల్ 40 మి.మీ. కిందకు దిగుతుంది. దానికి నవ్వులుండవు. సెట్టరో పిన్నో, ఒక సెటప్‌లో ఒక్కటే వాడండి.

ఇక జీ54 జెడ్. సెట్టర్‌ను జా మీద నుంచి జాబ్ రా ముఖం మీదకు మార్చి టీ2తోనే మళ్లీ కొలవండి. −251.300 వచ్చింది. రెండింటి తేడా 11.150, అంటే రా ముఖం జా కంటే అంత ఎత్తులో ఉంది. మందం 26.12 కాబట్టి ఫేసింగ్‌లో పోయేది 1.12. మిగిలిన 10.030ని జీ54 జెడ్‌లో ప్లస్ గుర్తుతో వేయండి. దీన్ని మరో దారిలో సరిచూడండి: పారలల్ 35, ఫినిష్ మందం 25, మొత్తం 60, జా 50 తీసేస్తే 10. దగ్గరగా ఉంది కాబట్టి సరే. మీకు 11 వచ్చినా, మైనస్ 10 వచ్చినా ముందుకు వెళ్లొద్దు.

ప్రోగ్రాం నడపడం

ముందు గాలిలో నడపండి. వర్క్ ఆఫ్‌సెట్ పేజీలో జీ54 పైన ఉండే ఈఎక్స్‌టీ వరుసలో జెడ్‌కు 50. వేస్తే మొత్తం ప్రోగ్రాం 50 మి.మీ. పైన నడుస్తుంది. టూల్ చేంజ్‌లు సరిగా ఉన్నాయా, పాకెట్ జాబ్ మధ్యలో పడుతోందా, క్లాంప్, స్టాపర్ ఏదైనా అడ్డొస్తోందా చూడండి. అయ్యాక ఆ 50ని సున్నా చేయండి. అది అలాగే ఉండిపోయి, టూల్ కోయట్లేదని ఎవరో హెచ్ విలువలను 50 కిందకు దించి, తర్వాత ఇంకెవరో ఈఎక్స్‌టీని సున్నా చేసిన షిఫ్ట్‌లో పెద్ద ప్రమాదాలు జరుగుతాయి.

మెషీన్ ప్యానెల్ మీద ఉన్న 'డ్రై రన్' బటన్ వేరే సంగతి. అది ప్రోగ్రాంలోని ఫీడ్‌లను పక్కన పెట్టి తన వేగంతో నడుపుతుంది. టూల్ మెటల్‌లో ఉండగా అది ఆన్‌లో ఉండకూడదు.

అసలు కోతకు సింగిల్ బ్లాక్ ఆన్ చేయండి. ర్యాపిడ్ 25 శాతానికి లేదా అంతకంటే తక్కువకు, ఫీడ్ ఓవర్‌రైడ్ సున్నాకు పెట్టి, ఎడమచేతి వేలు ఫీడ్ హోల్డ్ మీద ఉంచండి. ప్రతి టూల్ మొదటిసారి కిందకు వచ్చేటప్పుడు జాబ్‌కు ఓ 10 మి.మీ. పైన ఆపి, స్క్రీన్‌లో 'డిస్టెన్స్ టు గో' చూడండి. ఇంకా 5 మి.మీ. దిగాలని స్క్రీన్ అంటోంది, కంటికి 10 మి.మీ. ఖాళీ కనిపిస్తోంది, క్లియరెన్స్ 5 అయితే లెక్క కుదిరింది. ఇంకా 45 దిగాలని చూపిస్తే రీసెట్ నొక్కండి. ఆఫ్‌సెట్ తప్పులు దాదాపు అన్నీ ఈ ఒక్క చూపుతో దొరుకుతాయి.

ట్యాపింగ్‌కు ముందు ఆ బ్లాక్‌ను విడిగా చదవండి:

ఎం29 ఎస్500
జీ84 ఎక్స్10. వై-10. జెడ్-15. ఆర్5. ఎఫ్500

పిచ్ 1 కాబట్టి ఆర్‌పీఎం, ఫీడ్ సమానం. ఎస్‌ను 800 చేసి ఎఫ్‌ను 500 వద్దే ఉంచితే మొదటి హోల్‌లోనే ట్యాప్ పోతుంది. జీ84 నడుస్తుండగా ఫీడ్ ఓవర్‌రైడ్ పనిచేయదు. ఫీడ్ హోల్డ్ నొక్కినా ట్యాప్ వెనక్కి వచ్చాకే ఆగుతుంది. ఆ కాసేపు కంగారుపడి ఎమర్జెన్సీ కొట్టకండి, కొడితే ట్యాప్ హోల్‌లోనే ఇరుక్కుంటుంది. రీమింగ్‌కు జీ85 వాడండి. అది ఫీడ్‌తోనే దిగి ఫీడ్‌తోనే పైకి వస్తుంది. జీ81లో రీమర్ ర్యాపిడ్‌లో పైకి లాగబడి హోల్ గోడ మీద గీత పడుతుంది.

మెషీన్ నడుస్తున్నప్పుడు తలుపు మూసే ఉంచాలి. చేతికి గ్లవ్స్ వద్దు, తిరిగే టూల్ గ్లవ్‌ను పట్టుకుంటే చెయ్యి కూడా వెళ్తుంది.

సైజు పట్టడం

పాకెట్‌ను ఒకేసారి 60.00కు కోయాలని చూడకండి. ఫినిష్ పాస్‌కు ముందు టీ2 రేడియస్ వేర్‌లో +0.10 వేయండి. పాకెట్ ఒక్కో గోడ వైపు 0.10 తక్కువగా కోసుకుని 59.80 రావాలి. కొలిస్తే 59.84 ఉందనుకోండి. ఇంకా 0.16 కావాలి, గోడకు 0.08. కాబట్టి వేర్‌ను 0.10 నుంచి 0.02కు తగ్గించి ఫినిష్ పాస్ మళ్లీ నడపండి. కొన్ని మెషీన్లలో ఈ ఆఫ్‌సెట్‌ను రేడియస్‌గా కాక డయాగా తీసుకునేలా పెట్టి ఉంటారు. ముందే అడిగి తెలుసుకోండి, లేకపోతే మీ దిద్దుబాటు సగమే పడుతుంది.

కొలిచే ముందు కూలెంట్ తుడిచి, బర్ (అంచున మిగిలే లోహపు ముల్లు) తీసి, జాబ్ చల్లారనివ్వండి. అల్యూమినియం 100 మి.మీ. పొడవు 10 డిగ్రీల వేడికి 0.023 పెరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు ఓకే అయిన సైజు ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద రిజెక్ట్ అవుతుంది. డోవెల్ హోల్‌కు వెర్నియర్ పనికిరాదు. 8హెచ్7 అంటే 8.000 నుంచి 8.015, కాబట్టి ప్లగ్ గేజ్‌తోనే చూడాలి. గో వైపు తన బరువుతో దిగాలి, నో-గో దిగకూడదు. నో-గో కూడా దిగితే మూడు చోట్ల వెతకండి: రీమర్ రనౌట్, అంచుకు అతుక్కున్న అల్యూమినియం, తక్కువ కూలెంట్. గో దిగకపోతే రీమర్ అరిగింది, లేదా జాబ్ వేడిగా ఉండగా రీమ్ చేసిన హోల్ చల్లారాక చిన్నదైంది.

అడుగు లోతు 10 బదులు 10.04 వచ్చి, హోల్స్ లోతులు సరిగ్గా ఉంటే తప్పు హెచ్2ది ఒక్కటే. అన్ని లోతులూ ఒకే తేడాతో ఉంటే పై ముఖాన్ని కోసిన ఫేస్ మిల్ విలువ, హెచ్1 చూడండి. పై ముఖంలో ఒక మూల ఎత్తుగా ఉంటే రెండూ కాదు, పారలల్ కింద చిప్ ఉంది.

ఎక్కడ సాధన చేయాలి

హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి టూల్, డై శిక్షణకు పేరున్న చోటు. టూల్, డై అండ్ మౌల్డ్ డిప్లొమాతో పాటు క్యాడ్‌క్యామ్, సీఎన్‌సీ షార్ట్ కోర్సులు కూడా అక్కడ ఉంటాయి. ఐటీఐలో మెషినిస్ట్ ట్రేడ్ రెండేళ్లు. తెలంగాణలో ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. చేరేముందు సిలబస్ కంటే ఒకటి అడగండి: ఒక్కో మెషీన్‌కు ఎంతమంది, వారానికి ఎన్ని గంటలు అది ఒక్కొక్కరి చేతికి వస్తుంది? సిమ్యులేటర్ మీద కోడ్ నేర్చుకోవచ్చు, డయల్ పట్టడం నేర్చుకోలేరు. జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పనికి వెళ్తే ఆఫ్‌సెట్ తీయమని అడిగి, మీ చేతులు ఎలా కదులుతాయో చూస్తారు. జీ-కోడ్ జాబితా అప్పజెప్పగలిగితే మంచిదే, కానీ పని దొరికేది అందుకు కాదు.

ఫస్ట్ పీస్ ఓకే అయ్యాక సెటప్ షీట్ రాయండి. వైస్ ఏ దిశలో ఉంది, పారలల్ ఎత్తు, స్టాపర్ స్థానం, ఆరిజిన్ ఎక్కడ, ఏడు టూల్స్ నంబర్లు, ఒక్కొక్కటి ఎంత బయటకు ఉంది, ఫినిష్ వేర్ ఎంత దగ్గర సైజు పడింది, ప్రోగ్రాం పేరు, దాని రివిజన్. జీ54 విలువలు రాసుకోవచ్చు గానీ వాటిని వచ్చే వారం అలాగే ఎక్కించకండి. వైస్ ఒకసారి విప్పాక ఆ అంకెలకు విలువ లేదు, ఎడ్జ్ ఫైండర్‌తో మళ్లీ పట్టాల్సిందే.